సంతకం ఒక్కరోజు, కాపలా ముప్పై అయిదేళ్లు

ప్రభుత్వరంగం మేలా, ప్రైవేటురంగం మేలా అన్న అంశం మీద వక్తృత్వపు పోటీ జరగని కాలేజీ మన తెలుగునాట ఉండదేమో. ఒక పక్షంవారు లేచి ప్రజల ఆస్తి ప్రజల చేతిలోనే ఉండాలంటారు. రెండో పక్షంవారు లేచి సర్కారు ఆఫీసులో ఫైలు కదలదంటారు. చప్పట్లు కొడతాం, బహుమతులు పంచుతాం, ఇళ్లకు పోతాం. ఈలోగా బయట ఆ రెండూ కలిసిపోయి మూడో పద్ధతి ఒకటి వచ్చి స్థిరపడిపోయింది. స్థలమూ అనుమతులూ ప్రభుత్వానివి. పెట్టుబడి, నిర్మాణం, నిర్వహణ కంపెనీవి. ఇరవయ్యేళ్లో ముప్పయ్యేళ్లో కంపెనీ చార్జీలు వసూలు చేసుకుని, గడువు తీరాక ఆస్తిని ప్రభుత్వానికి అప్పగించాలి. దీనికి ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అని పేరు. పొట్టిగా పి.పి.పి. అంటున్నారు. టోలు కట్టి పోయే మన జాతీయ రహదారుల్లో కొన్ని, 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం, 2017లో మొదలైన హైదరాబాదు మెట్రో రైలు ఈ కోవలోవే.

ఇది మంచిదా, చెడ్డదా అని మళ్లీ ఒక పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి ఒప్పందంలో ప్రజలకు లాభమా నష్టమా అన్నది కంపెనీ మంచితనం మీద కన్నా ప్రభుత్వపు సమర్థత మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పొలం కౌలుకిచ్చేవాడికి తన నేల ఎంత పండుతుందో, కాలువ ఎప్పుడు వదులుతారో, ఊళ్లో కౌలు రేటు ఎంత నడుస్తున్నదో తెలిసి ఉండాలి. ఇవేవీ తెలియకుండా పట్నంలో కూర్చున్న కామందుకు కౌలుదారు చెప్పిందే పంట, ఇచ్చిందే కౌలు. అందులో కౌలుదారు తప్పేముంది? వర్ధమాన దేశాల ప్రభుత్వాలు చాలావరకు ఆ పట్నం కామందు స్థితిలోనే ఉన్నాయన్నది నా ఫిర్యాదు. మన ప్రభుత్వాలూ అందుకు మినహాయింపు కావు.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. కర్నూలు, కడప జిల్లాల మిత్రులకు కె.సి. కెనాల్ సంగతి బాగా తెలుసు. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి ఆ కాలువ తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ. 1863 నుంచి 1870 వరకు పని సాగింది. కంపెనీ పెట్టే పది లక్షల పౌన్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు నీటితీరువా కట్టినా కట్టకపోయినా వాటాదారులకు వడ్డీ ముడుతుంది. అటువంటప్పుడు ఖర్చు తగ్గించాలన్న ఆరాటం ఎవరికుంటుంది? ఆ పది లక్షలూ చాలలేదు, ప్రభుత్వమే మళ్లీ అప్పు పెట్టవలసి వచ్చింది. పోనీ, ఆదాయమైనా వచ్చిందా అంటే అదీ లేదు. రేగడి నేలల్లో మెట్టపంటలు వేసుకునే రైతులు వాన పడిన ఏడు కాలువ నీటి ముఖం చూడలేదు. అనుకున్న ఆయకట్టు కాగితం మీదనే మిగిలింది. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కున్నది.

దీనికి దశాబ్దం ముందే, 1847 నుంచి 1852 వరకు, ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట కట్టారు. రెండు పథకాల వెనుకా ఉన్న పెద్ద బుర్ర ఒక్కటే, సర్ ఆర్థర్ కాటన్. అయితే ధవళేశ్వరంలో ఎస్టిమేటు వేసినవారూ, రాయి తీయించినవారూ, లెక్క రాసినవారూ ప్రభుత్వ కొలువులోని ఇంజనీర్లూ ఓవర్సీర్లే. ఖర్చయ్యే ప్రతి రూపాయీ ప్రభుత్వపు కళ్ల ముందే ఖర్చయింది. సుంకేశుల పనిలో ప్రభుత్వం వెనుక నిలబడిన హామీదారు మాత్రమే. డెల్టా నేలకూ రాయలసీమ నేలకూ తేడా ఉన్నమాట వాస్తవం. ఆ తేడాను హామీ పత్రం మీద సంతకం చేయకముందే కనిపెట్టవలసిన కన్ను ప్రభుత్వానికి ఉండాలి కదా! ఆ కన్ను లేకపోవడమే సమర్థత లేకపోవడం.

నూరేళ్లు దాటాక మహారాష్ట్రలో దభోల్ విద్యుత్కేంద్రం వచ్చింది. 1992లో అమెరికాకు చెందిన ఎన్రాన్ కంపెనీతో పోటీ టెండర్లు లేకుండానే ఒప్పందానికి నాంది పలికారు. 1993లో కరెంటు కొనుగోలు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆర్థికంగా ఇది గిట్టుబాటు కాదని ప్రపంచబ్యాంకు అదే ఏడాది తేల్చి చెప్పి అప్పు ఇవ్వనన్నది. కరెంటు వాడుకున్నా వాడుకోకపోయినా రాష్ట్ర విద్యుత్ బోర్డు స్థిరచార్జీలు కట్టి తీరాలి, ఆ చార్జీలు డాలరు విలువతో ముడిపడి ఉంటాయి. 1995లో కొత్త ప్రభుత్వం వచ్చి ఒప్పందాన్ని రద్దు చేసింది. 1996లో అదే ప్రభుత్వం, కేంద్రం మొత్తం సామర్థ్యాన్ని పెంచి మరీ కొత్త ఒప్పందం చేసుకున్నది. 1999లో ఉత్పత్తి మొదలైంది. ఆ ధరకు కొనలేక 2001లో బోర్డు చేతులెత్తేసింది, కేంద్రం మూతపడింది. సంతకం చేసిన పార్టీ ఒకటి, రద్దు చేసిన పార్టీ ఇంకొకటి. రాజకీయాలు మారినా ఒప్పందాన్ని పక్కాగా చదివి, కూడికలు తీసివేతలు వేసి చూపించే బలమైన విభాగం ఒక్కటి కూడా రెండు ప్రభుత్వాలకూ లేకపోయింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. హైదరాబాదు మెట్రోకు 2008లో టెండర్లు పిలిస్తే మేటాస్ నాయకత్వంలోని కంపెనీల కూటమి అందరినీ ఆశ్చర్యపరిచింది. తక్కిన కంపెనీలు ప్రభుత్వాన్ని గ్రాంటు అడిగితే, ఈ కూటమి తానే ప్రభుత్వానికి ఒప్పందకాలంలో 30,311 కోట్ల రూపాయలు ఎదురు చెల్లిస్తానన్నది. పండగే పండగ అనుకున్నారు చాలామంది. రైళ్ల మీద అంత డబ్బు ఎలా వస్తుందని అడిగినవారు తక్కువ. ఆ అడిగిన వారిలో ముఖ్యులు ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ అధిపతి శ్రీధరన్. విలువైన ప్రభుత్వ భూములను వాణిజ్యానికి అప్పగించడం తగదనీ, ఇది రేపు పెద్ద గొడవకు దారితీయవచ్చుననీ ఆయన ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. పరువునష్టం దావా వేస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆయనను బెదిరించింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ మోసం బయటపడింది. ఆ కుటుంబానిదే మేటాస్. కూటమి నిధులు సమకూర్చుకోలేక చతికిలబడింది. జూలైలో ఒప్పందం రద్దయింది.

మిత్రులు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆ టెండరులోని లొసుగును అందరికంటే ముందు పట్టుకున్న మనిషి ఎక్కడివాడు? స్వయంగా మెట్రో కట్టిన ప్రభుత్వరంగ సంస్థవాడు. పని చేసిన చేతికే పని విలువ తెలుస్తుంది. ఒక కిలోమీటరు వంతెనకు ఎంతవుతుందో, ఒక్కో పెట్టెలో ఎంతమంది ఎక్కుతారో తన అనుభవంతో లెక్కవేయగలిగిన వాడిని ఏ పవర్‌పాయింటూ మోసం చేయలేదు. కాబట్టి పి.పి.పి. వచ్చింది కదా, ఇక ప్రభుత్వంలో ఇంజనీర్లతో పనేమిటి అనడం తలకిందుల వాదన. తాను కట్టగలిగిన ప్రభుత్వమే ఇంకొకరి చేత చక్కగా కట్టించుకోగలదు. చేతకానివాడితో బేరం ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది.

రెండోసారి టెండర్లలో ఎల్ అండ్ టి కంపెనీ 1,458 కోట్ల గ్రాంటుకు పని దక్కించుకున్నది. 2010 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. కాలపరిమితి 35 ఏళ్లు, ఆ తర్వాత మరో 25 ఏళ్లు పొడిగించే వీలు. సుమారు 270 ఎకరాల మీద వాణిజ్య నిర్మాణ హక్కులు ఇచ్చారు. రాబడిలో సగం టిక్కెట్ల మీద, తక్కిన సగం అద్దెలూ ప్రకటనల మీద వస్తుందని లెక్క. రోజుకు సుమారు 15 లక్షల మంది ఎక్కుతారని మొదటి అంచనా. కంపెనీ కట్టిన పని నాణ్యంగానే ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు. అంచనాలే నిలబడలేదు. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లు తెరిచారు. పాతబస్తీ ముక్క మిగిలిపోయింది. వెంటనే కరోనా వచ్చి అయిదు నెలలకు పైగా రైళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా ప్రయాణికుల సంఖ్య అయిదు లక్షల దరిదాపుల్లోనే తిరిగింది. కె.సి. కెనాల్ ఆయకట్టు కథే మళ్లీ పట్టాలెక్కింది.

ప్రభుత్వం వైపు నుంచీ చిక్కులు వచ్చిపడ్డాయి. స్థలాల అప్పగింత ఆలస్యమైంది. 2014లో కొత్త రాష్ట్రం వచ్చాక అసెంబ్లీ, సుల్తాన్ బజారు దగ్గర దారి మార్చాలన్న వాదంతో కొంతకాలం గడిచింది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది ఎందరికో మేలు చేసిన పథకం. అయితే దానివల్ల మెట్రో రాబడి ఎంత తగ్గుతుంది, ఒప్పందం ప్రకారం దాని పర్యవసానం ఏమిటి అని ముందుగా ఒక నోటు రాసి మంత్రిమండలి ముందు పెట్టే బల్ల ఒకటి సచివాలయంలో ఉండాలి. ఒక చేత్తో బస్సు, ఇంకో చేత్తో రైలు నడిపే ప్రభుత్వానికి రెండు చేతుల లెక్కా ఒకచోట ఉండవద్దా?

చివరకు 2025 సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికీ, దాదాపు 13,000 కోట్ల అప్పును తలకెత్తుకుని, కంపెనీ వాటాకు మరో 2,000 కోట్లు ఇచ్చి మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. 35 ఏళ్ల కౌలు పదిహేనేళ్లకే ముగింపుకు వచ్చింది. 1882లో కె.సి. కెనాల్, 1930లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కూడా ఇలాగే ప్రభుత్వాల చేతికి తిరిగి వచ్చాయి. ప్రజలకు తప్పనిసరి అయిన వసతిని ఏ ప్రభుత్వమూ మూసుకోలేదు. ఎవరు నడిపినా ఆఖరి హామీదారు ప్రభుత్వమే, అంటే మనమే. ఈ ముక్క సంతకం చేసే రోజునే గుర్తుండాలి.

అయితే సమర్థత అంటే ఏమిటి? ఏదో ఒక శిక్షణా తరగతి పెట్టి, పూలదండలు వేసి, సర్టిఫికెట్లు పంచితే వచ్చేది కాదు. నా దృష్టిలో అది అయిదు పనులు చేయగలగడం. మొదటిది, అసలు ఈ పని కంపెనీకి ఇవ్వాలా, మనమే చేస్తే ఎంతవుతుంది అని ముందు లెక్కవేసి, అవసరమైతే వద్దు అనగలగడం. రెండోది, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండే అంచనాలను శంకించగలగడం. ప్రయాణికులు సగమే వస్తే ఏమవుతుంది, మూడోవంతే వస్తే ఏమవుతుంది అని టెండరుకు ముందే వేసి చూడాలి. మూడోది, ఏ నష్టభయాన్ని ఎవరు అదుపు చేయగలరో వారి నెత్తినే పెట్టి ఒప్పందం రాయడం. స్థలసేకరణ ఆలస్యానికి ప్రభుత్వం, యంత్రం చెడిపోతే కంపెనీ బాధ్యత వహించాలి. నాలుగోది, ఏళ్ల తరబడి కాపలా కాయడం. అయిదోది, ఒప్పందం చెడితే పట్టు తప్పకుండా తిరిగి బేరమాడటం, లేదా నష్టం పెరగకముందే వెనక్కు తీసుకోవడం.

ఈ అయిదింటిలో మన ప్రభుత్వాలు మూడోదానికి కొంత ఏర్పాటు చేసుకున్నాయి. నమూనా ఒప్పందాలు ఉన్నాయి. 2001లోనే ఆంధ్రప్రదేశ్ దీనికోసం ప్రత్యేక చట్టం చేసుకున్నది. గిట్టుబాటు కాని పథకాలకు గ్రాంటు ఇచ్చే పద్ధతిని కేంద్రం 2006లో తెచ్చింది. నాలుగోది, అయిదోది మాత్రం గాలికి వదిలేశాం. సంతకం రోజున ముఖ్యమంత్రి వస్తారు, ఫోటోగ్రాఫర్లు వస్తారు. పన్నెండో ఏట కంపెనీ పంపిన లెక్క సరిగా ఉందో లేదో చూసే గుమాస్తా ఫోటో ఎవరు తీస్తారు? రెండేళ్లకొక బదిలీతో అధికారి పోతాడు, ఫైలు మిగులుతుంది. కంపెనీ లాయరు మాత్రం ఆ ఒప్పందంతోనే నెరిసిపోతాడు. హైదరాబాదు మెట్రోలో ఒకే అధికారి పదిహేనేళ్లకు మించి మేనేజింగ్ డైరెక్టరుగా ఉండటం అరుదైన సంగతి. అది మెచ్చదగినదే. కానీ ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద రాష్ట్ర ఖజానా ఆధారపడకూడదు, అందుకు ఒక విభాగం కావాలి.

కన్సల్టెంట్లు ఉన్నారు కదా అంటారు. ఉండనివ్వండి. డాక్టరు సలహా అక్కరలేదని ఎవరూ అనరు. కానీ ప్రభుత్వంలో ఎవరికీ అర్థం కాని రిపోర్టును కన్సల్టెంటు రాసి, ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి, ఆ కన్సల్టెంటు వెళ్లిపోయాక వివాదం వస్తే జవాబు చెప్పేదెవరు? అరువు తెచ్చుకున్న తెలివి అవసరానికి ఆదుకోదు. సలహా చెప్పేవాడిని అడగవలసిన ప్రశ్న అడగడానికైనా మనకు సొంత తెలివి ఉండాలి.

ఇంకో వాదం ఉంది. సర్కారు ఆఫీసుల్లో అవినీతి, సోమరితనం ఉన్నాయి కాబట్టే కదా కంపెనీలను పిలిచింది, మళ్లీ ఆ ఆఫీసులనే బలపరచమంటారేమిటి అని. ఈ వాదంలో కొంత నిజముంది. శంషాబాద్ విమానాశ్రయాన్ని చూసి బేగంపేటకు తిరిగి పోదామని ఎవరూ అనరు. అయితే బలహీనమైన ప్రభుత్వం సొంతంగా పని చేస్తే ఒక పని చెడుతుంది. అదే ప్రభుత్వం ఒప్పందం చేసుకుంటే ముప్పై ఏళ్లు చెడుతుంది. ప్రభుత్వం చేతకానిదైతే పి.పి.పి. దానికి మందు కాదు. అది ఇంకా ఎక్కువ చేవ అడిగే పని.

ఈ సంగతి ఇతర దేశాలు కొన్ని గుర్తించాయి. దక్షిణాఫ్రికా 2000 సంవత్సరంలో తన ఆర్థికశాఖలోనే ఒక పి.పి.పి. విభాగం పెట్టుకున్నది. ఆర్థికశాఖ దశలవారీగా ఆమోదించనిదే ఏ శాఖా ఇలాంటి ఒప్పందం చేసుకోరాదని నియమం పెట్టింది. మన దేశంలో 2014 బడ్జెటులో 500 కోట్లతో ‘3పి ఇండియా’ అనే సంస్థ పెడతామని ప్రకటించారు. 2015లో విజయ్ కేల్కర్ కమిటీ కూడా అది కావాలని గట్టిగా చెప్పింది, పాత ఒప్పందాలను సవరించుకునే పద్ధతి ఉండాలని సూచించింది. ప్రకటన ప్రకటనగానే మిగిలిపోయింది. లక్షల కోట్ల ఒప్పందాలకు కాపలాగా 500 కోట్లు పెట్టడానికి మనసొప్పలేదన్న మాట!

సమర్థతకు తోడుగా ఉండవలసింది బహిరంగత. 1883లో హైదరాబాదు సంస్థానంలో చాందా రైల్వే పథకం వచ్చినప్పుడు, ఆ లావాదేవీ వివరాలు ప్రజల ముందు పెట్టమని అడిగినవారిలో ఒకరు కాలేజీ ప్రిన్సిపాలు, అఘోరనాథ చట్టోపాధ్యాయ. సరోజినీ నాయుడు గారి తండ్రి. అడిగినందుకు ఆయనను రాజ్యం నుంచి బహిష్కరించారు. ఈనాడు మనల్ని ఎవరూ బహిష్కరించరు. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. అయినా అడిగేవాళ్లు ఎందరు? ప్రతి ఒప్పందమూ, దానికి చేసిన ప్రతి సవరణా అచ్చయి అందరికీ అందాలి. ప్రభుత్వం ఇచ్చిన హామీలన్నీ కలిపి ఎంత బరువో ఏటా బడ్జెటుతోపాటు శాసనసభ ముందుకు రావాలి. ఆర్థికశాఖలో ఇంజనీరు, అకౌంటెంటు, లాయరు, గణాంకశాస్త్రజ్ఞుడు కలిసి కూర్చునే శాశ్వత విభాగం ఉండాలి. అందులో చేరినవారికి పదోన్నతి అక్కడే దొరకాలి, మంచి జీతం ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

ఇక మన సంగతి. ఈ బల్లకు అటువైపు, అంటే కంపెనీ వైపు, కూర్చున్న ఇంజనీర్లు, లాయర్లు, లెక్కల నిపుణులు ఎవరు? మనలాంటి కాలేజీల పాత విద్యార్థులే. వారిని తప్పుపట్టను, వారు తమ ఉద్యోగం చక్కగా చేస్తున్నారు. అయితే ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ప్రభుత్వ కళాశాలలో, ప్రజల డబ్బుతో చదువుకున్న మనం ఆ ఖాళీ కుర్చీల గురించి ఒక్కసారైనా ఆలోచించవద్దా? అధ్యాపక మహాశయులకు ఒక మనవి. సివిల్ ఇంజనీరింగు విద్యార్థికి దూలం డిజైను నేర్పుతున్నారు, ఒప్పందం చదవడం కూడా నేర్పండి. కామర్సు విద్యార్థికి ఒక టోలు రోడ్డు లెక్క ఇచ్చి, వాహనాలు సగమైతే ఏమవుతుందో వేయమనండి. విద్యార్థి సంఘానికి ఒక సూచన. వచ్చే ఏడు వక్తృత్వపు పోటీతోపాటు, మన జిల్లాలోని ఒక పి.పి.పి. ఒప్పందం ప్రతిని సమాచార హక్కు కింద తెప్పించి, అన్ని శాఖల విద్యార్థులూ కలిసి చదివే కార్యక్రమం ఒకటి పెట్టండి. అందులో ఎవరు ఎవరికి ఎప్పటిదాకా ఏమి బాకీ ఉన్నారో తేల్చి, వచ్చే సావనీరులో అచ్చువేయండి.

ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ నడివయసుకు వచ్చే నాటికి ఈరోజు సంతకం చేసిన ఒప్పందాలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. వాటి టోలు కట్టేది వాళ్లే, నష్టం వస్తే పన్నులు కట్టేది వాళ్లే. సంతకం చేసేవారు ఎలాగూ దొరుకుతారు. కాపలా కాసేవాళ్లు మనలో నుంచే రావాలి.